వెనుక బిగించే టర్బో కిట్లు: కార్వెట్ సి5 యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో పాత షెవ్రొలె కార్వెట్ సి5 కొనుక్కుని, మోజు తీరకముందే "దీనికి వెనుక టర్బో పెట్టించవచ్చా అన్నా?" అని అడిగేవారు ఎక్కువయ్యారు. అడిగే మనిషి మారుతున్నాడు గాని సందేహాలు మారడం లేదు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఇక్కడి లెక్కలు 1997-2004 మధ్య వచ్చిన సి5కి, అందులోని 5.7 లీటర్ల ఎల్ఎస్1 ఇంజిన్‌కు వేసినవి. అదే ఇంజిన్ ఉన్న 1998-2002 కమారో, ఫైర్‌బర్డ్ కార్లకూ చాలావరకు సరిపోతాయి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## ఆలోచన దశలో

టర్బోను కారు వెనుక పెట్టడం ఏమిటి? ఇంజిన్ ముందుంది కదా?

మామూలుగా టర్బో ఇంజిన్‌కు ఆనుకుని, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోట చేర్చే గొట్టాలు) మీదే కూర్చుంటుంది. ఈ కిట్లలో సైలెన్సర్ తీసేసి ఆ చోట టర్బోను బిగిస్తారు. ఇంజిన్ వదిలిన పొగ కారు పొడవునా వెళ్లి అక్కడ టర్బైన్‌ను తిప్పుతుంది. ఆ ఇరుసుకే ఉన్న కంప్రెసర్ వెనుక నుంచి గాలి పీల్చి, నొక్కి, కారు కింద నుంచి వేసిన మరో గొట్టం ద్వారా ముందున్న త్రాటిల్ బాడీకి (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే తలుపుకు) పంపుతుంది. స్పోర్ట్స్ కార్లకు ఈ పద్ధతిని 2000 దశకంలో జనంలోకి తెచ్చింది యూటా రాష్ట్రానికి చెందిన స్క్వయర్స్ టర్బో సిస్టమ్స్.

ఇది విపరీతమైన ఆలోచనేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి పి-47 థండర్‌బోల్ట్ విమానంలో ఇంజిన్ ముక్కులో ఉంటే టర్బో పైలట్ వెనుక, తోక వైపు ఉండేది. పొగ వెనక్కి, నొక్కిన గాలి ముందుకి వెళ్లే గొట్టాలు విమానం పొట్టలో సాగేవి.

పోర్షే 911 టర్బో కూడా వెనుకే కదా, రెండూ ఒకటేనా?

కాదు. పోర్షేలో ఇంజినే వెనుక ఉంది, టర్బోలు దాని పక్కనే ఉన్నాయి. 1,064 హార్స్‌పవర్ ఇచ్చే 2025 కార్వెట్ జడ్ఆర్1లో టర్బోలు సీట్ల వెనుక ఉన్నా, ఇంజిన్ కూడా అక్కడే ఉంది కాబట్టి అదీ ఈ కోవలోకి రాదు. ఇంజిన్‌కూ టర్బోకూ మధ్య దూరం ఉంటేనే ఈ కిట్ల కష్టసుఖాలు వర్తిస్తాయి.

అంత దూరం ఎందుకు? ముందే పెట్టవచ్చు కదా?

సి5 బానెట్ ఎత్తి చూస్తే జవాబు దొరుకుతుంది. చెయ్యి పెట్టేందుకే చోటు తక్కువ. టర్బోను అక్కడ ఇరికించాలంటే కొత్త మానిఫోల్డులు చేయించాలి, ఎన్నో భాగాలు జరపాలి, ఆపైన ఆ వేడినంతా బానెట్ కింద దాచుకోవాలి. వెనుక అయితే సైలెన్సర్ వదిలిన ఖాళీ సిద్ధంగా ఉంటుంది. ఇంజిన్ మానిఫోల్డులు, పొగలోని కాలుష్యాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్లు ఉన్నచోటే ఉంటాయి. బానెట్ కింద వేడి పెరగదు.

చోటు కోసమే ఈ పద్ధతి ఎంచుకోవాలి. "వెనుక పెడితే పవర్ ఎక్కువ వస్తుంది" అని ఎవరైనా అమ్మజూపితే నమ్మవద్దు. ఒకే టర్బో, ఒకే బూస్ట్ (టర్బో పెంచే అదనపు గాలి పీడనం) అనుకుంటే ఇంజిన్ పక్కన ఉన్నదే చురుగ్గా స్పందిస్తుంది.

టర్బో అంత దూరంలో ఉంటే ల్యాగ్ (యాక్సిలరేటర్ తొక్కాక బూస్ట్ అందే ఆలస్యం) భయంకరంగా ఉండదా?

ల్యాగ్ ఉంటుంది. కానీ అందరూ అనుకునే కారణంతో కాదు. "పన్నెండు అడుగుల గొట్టం నిండేసరికి తెల్లారుతుంది" అనేవారు ఒక్కసారి లెక్క వేసి చూడాలి. రెండున్నర అంగుళాల వ్యాసం, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గొట్టంలో పట్టేది సుమారు 11.5 లీటర్ల గాలి. దాన్ని 6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 6 పౌండ్లు) బూస్ట్‌కు తేవడానికి అదనంగా కావలసింది ఐదు లీటర్ల లోపే. ఎల్ఎస్1 ఇంజిన్ 3,000 ఆర్‌పీఎం వద్ద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు సెకనుకు వంద లీటర్లకు పైగా గాలి తాగుతుంది. అంటే గొట్టం నిండడానికి పట్టేది సెకనులో చిన్న భాగమే.

అసలు దోషి వేడి నష్టం. పొగ దారిలో చల్లబడితే దాని ఘనపరిమాణం తగ్గుతుంది, టర్బైన్‌ను తిప్పే శక్తీ తగ్గుతుంది. ఉదాహరణకు 800 డిగ్రీల సెల్సియస్ వద్ద బయలుదేరిన పొగ 500 డిగ్రీలకు దిగితే, అదే పీడనం వద్ద దాని పరిమాణం నాలుగో వంతుకు పైగా పడిపోతుంది. అందుకే ఈ కిట్లలో టర్బైన్ హౌసింగ్ చిన్నది వాడతారు. చిన్న దారిలో పొగ వేగంగా దూరి చక్రాన్ని తిప్పుతుంది. ఇంజిన్ పక్కన పెట్టేందుకు ఎంచిన టర్బోను చవగ్గా దొరికిందని తెచ్చి వెనుక పెడితే, అది మేల్కొనేసరికి మీరు గేరు మార్చేస్తారు.

సూపర్‌చార్జర్ కంటే ఇది మేలా?

తలనొప్పి తక్కువ కావాలంటే బెల్టుతో తిరిగే సెంట్రిఫ్యూగల్ సూపర్‌చార్జర్ మేలు. మధ్య ఆర్‌పీఎంలలో టార్క్ కావాలంటే, బానెట్ కింద కారు కంపెనీ నుంచి వచ్చినట్లే ఉండాలంటే వెనుక టర్బో మేలు. కారు కింద దూరి పని చేయడం ఇష్టం లేనివాళ్లు మొదటిదే తీసుకోండి.

## కొనే ముందు

ఎంత పవర్ పెరుగుతుంది? 600 వస్తుందన్నారు!

2001 తరువాతి సి5లో ఎల్ఎస్1 ఇంజిన్ 350 హార్స్‌పవర్ ఇస్తుంది. 6 పీఎస్ఐ బూస్ట్ అంటే గాలి పీడనం సుమారు 40 శాతం పెరిగినట్లు. కాగితం మీద 490 రావాలి. కానీ నొక్కిన గాలి వేడెక్కుతుంది, టర్బైన్ వల్ల పొగకు అడ్డు పెరుగుతుంది, నాక్ (ఇంధనం తనంతట తానే అంటుకుని కొట్టే దెబ్బ) రాకుండా ఇగ్నిషన్ టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే వేళ, వెనక్కి తగ్గించాలి. అవన్నీ పోను 430 నుంచి 470 మధ్య వస్తే కిట్ బాగా పని చేసినట్లే. చక్రాల దగ్గర కొలిస్తే ఇంకా తక్కువ కనిపిస్తుంది. 600 అన్న అంకె వినిపించినప్పుడు ఎంత బూస్ట్ మీద, ఏ పెట్రోలుతో, లోపలి భాగాలు మార్చిన ఇంజినా కాదా అని అడగండి. అమ్మేవాడి గొంతు అక్కడే తగ్గుతుంది.

నా ఇంజిన్ తట్టుకుంటుందా?

ఎల్ఎస్1 కంప్రెషన్ నిష్పత్తి 10.1. టర్బో కోసం తయారు చేసిన ఇంజిన్ కాదు కాబట్టి అది ఎక్కువే. పిస్టన్లు కూడా పోత పోసినవి, ఫోర్జ్ చేసినవి కావు. అవి బూస్ట్‌కు భయపడవు, నాక్‌కు భయపడతాయి. ఒక్కసారి గట్టిగా నాక్ వస్తే పిస్టన్ రింగుల మధ్య ఉండే సన్నని గట్టు విరుగుతుంది. పవర్ కోసం వెళ్తే అసలుకే ఎసరు వస్తుంది.

కిట్ ఆర్డరు పెట్టే ముందు సిలిండర్లు పీడనాన్ని నిలుపుతున్నాయో లేదో చూసే కంప్రెషన్ పరీక్ష, లీక్‌డౌన్ పరీక్ష రెండూ చేయించండి. ఒక సిలిండర్ మిగతావాటి కంటే బాగా తక్కువ చూపిస్తే ఆ డబ్బు ముందు ఇంజిన్‌కు పెట్టండి. పాత కారుకు క్యాటలిటిక్ కన్వర్టర్లు కూడా చూపించాలి. వెనుక టర్బోకు అవి ఎగువన ఉంటాయి. లోపలి పింగాణీ చిట్లితే ఆ ముక్కలు నేరుగా వెళ్లి నిమిషానికి లక్ష చుట్ల దరిదాపుల్లో తిరిగే టర్బైన్ రెక్కలకు తగులుతాయి. కన్వర్టర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి చూడండి. గలగల చప్పుడు వస్తే దాన్ని మార్చకుండా ముందుకు వెళ్లవద్దు.

పాత కిట్ సగం ధరకు దొరికింది, తీసుకోనా?

గొట్టాలు, బ్రాకెట్లు పాతవైనా పరవాలేదు. టర్బో ఇరుసును వేళ్లతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి చూడండి. ఆ దిశలో కదలిక తెలిస్తే బేరింగ్ అరిగినట్లు. ఆయిల్ పంపు, ఆయిల్ గొట్టాలు మాత్రం కొత్తవే కొనాలి. ఇందులో బేరం లేదు.

కిట్ ధర కాకుండా ఇంకేమి ఖర్చు అవుతుంది?

ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు, ఇంధన పంపు, స్పార్క్ ప్లగ్గులు, గాలి-ఇంధన నిష్పత్తి చూపే వైడ్‌బ్యాండ్ మీటరు, బూస్ట్ మీటరు, డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద కారు కంప్యూటర్‌ను సరిచేసే ట్యూనింగ్, మాన్యువల్ కారైతే త్వరలోనే క్లచ్, ఆటోమేటిక్ అయితే ఇవాళ కాకపోతే రేపు గేర్‌బాక్స్. సి5లోని నాలుగు గేర్ల 4ఎల్60-ఇ ఆటోమేటిక్ ఈ పవర్‌కు బలహీనమైన లింకు. ఆరు గేర్ల టి56 మాన్యువల్ చాలా నయం. కిట్ ధర చూసి బడ్జెట్ వేసుకుంటే తడిసి మోపెడవుతుంది. కిట్‌కు ఎంత పెడతారో దాదాపు అంతా పక్కన ఉంచుకుని దిగండి.

## బిగించేటప్పుడు

ఆయిల్ వెనక్కి ఎలా వస్తుంది? అందరూ దీని గురించే భయపెడుతున్నారు.

భయపెట్టడం సబబే. ఈ కిట్ల గుండెకాయ ఇదే, ఎక్కువ కిట్లు చెడేదీ ఇక్కడే.

ఇంజిన్ పక్కన ఉన్న టర్బోలో బేరింగ్‌ను తడిపిన నూనె తన బరువుతోనే కిందనున్న సంప్‌లోకి (ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టిలోకి) జారిపోతుంది. వెనుక టర్బో సైలెన్సర్ చోట, నేలకు దగ్గరగా ఉంటుంది. నూనె ముందుకు, పైకి రావాలి. బావిలో నీళ్లు వాటంతట అవి గట్టెక్కవు కదా, ఇదీ అంతే. ఒక పంపు దాన్ని తోడి ఇంజిన్ వాల్వ్ కవర్‌కో సంప్‌కో చేర్చాలి.

ఇక్కడ నాలుగు విషయాలు గమనించాలి. మొదటిది, నూనె పోసే గొట్టంలో సన్నని రంధ్రం ఉన్న రెస్ట్రిక్టర్ ఉండాలి, లేదంటే పంపు తోడే దాని కంటే పైనుంచి వచ్చేది ఎక్కువవుతుంది. రెండోది, అదే గొట్టంలో చెక్ వాల్వ్ ఉండాలి. అది లేకపోతే ఇంజిన్ ఆపాక గొట్టంలో మిగిలిన నూనె నెమ్మదిగా టర్బోలోకి దిగి, సీళ్లు దాటి, టర్బైన్‌లోకి చేరుతుంది. మర్నాడు ఉదయం కారు స్టార్ట్ చేస్తే వీధంతా తెల్లని పొగ. మూడోది, విద్యుత్ పంపు ఇంజిన్ ఆగిన తరువాత కూడా కొన్ని సెకన్లు తిరిగేలా టైమర్ పెట్టాలి. నాలుగోది, పంపు తిరుగుతోందో లేదో డ్రైవరుకు తెలియాలి. పంపు తరువాతి గొట్టంలో చిన్న ప్రెషర్ స్విచ్ పెట్టి, డ్యాష్‌బోర్డులో ఒక ఎర్ర లైటు వెలిగేలా చేస్తే చాలు. కిట్ పెట్టెలో ఆ లైటు లేకపోతే కొని పెట్టుకోండి.

పంపు వైపు వెళ్లే గొట్టం పంపు కంటే ఎత్తులో మొదలై ఎక్కడా పైకి వంగకుండా సాగాలి. మధ్యలో గూని వస్తే అక్కడ గాలి చిక్కుకుంటుంది.

నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ అక్కర్లేదంటున్నారు, నిజమేనా?

సగం నిజం. 30 డిగ్రీల గాలిని 70 శాతం సామర్థ్యం ఉన్న కంప్రెసర్ 6 పీఎస్ఐకి నొక్కితే అది 75 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. 10 పీఎస్ఐకి నొక్కితే వంద డిగ్రీలకు చేరుతుంది. కారు కింద సాగే పొడవాటి అల్యూమినియం గొట్టం కొంత వేడిని గాలికి వదిలేస్తుంది. హైవే మీద ఇది బాగానే పని చేస్తుంది. జూలై మధ్యాహ్నం డాలస్ ట్రాఫిక్‌లో కారు నిలబడినప్పుడు మాత్రం ఆ గొట్టం కింద తారు రోడ్డు సెగ, పక్కన ఎగ్జాస్ట్ సెగ. చల్లబడడం మాట అటుంచి, ఇంకాస్త వేడి ఎక్కవచ్చు.

నా లెక్కలో 6 పీఎస్ఐ దాకా గొట్టం చాలు. 8 దాటితే ముందు భాగంలో ఇంటర్‌కూలర్ గాని, త్రాటిల్ బాడీ ముందు నీరు-మిథనాల్ చిమ్మే ఏర్పాటు గాని ఉండాల్సిందే.

బిగించాక వాల్వ్ కవర్ల నుంచి నూనె కారుతోంది. సీళ్లు పోయాయా?

ముందు క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది భాగపు పెట్టె) గాలి గొట్టం చూడండి. ఎల్ఎస్1లో క్రాంక్‌కేస్‌కు తాజా గాలి ఇచ్చే సన్నని గొట్టం త్రాటిల్ బాడీ నుంచి వాల్వ్ కవర్‌కు వెళ్తుంది. కారు పాత స్థితిలో ఉన్నప్పుడు అక్కడ బయటి గాలి పీడనమే ఉండేది. ఇప్పుడు అక్కడ బూస్ట్ ఉంది. ఆ గొట్టాన్ని అలాగే వదిలేస్తే టర్బో నేరుగా ఇంజిన్ కడుపులోకి గాలి ఊదుతుంది, నూనె దొరికిన సందు నుంచల్లా బయటికి వస్తుంది. త్రాటిల్ బాడీ దగ్గరి రంధ్రాన్ని మూసేసి, వాల్వ్ కవర్ వైపు కొసను విడి బ్రీదర్ ఫిల్టర్‌కు కలపాలి. పీసీవీ గొట్టంలో (క్రాంక్‌కేస్ ఆవిరిని ఇంజిన్ పీల్చుకునే గొట్టంలో) బూస్ట్‌ను ఆపగల చెక్ వాల్వ్ వేయాలి. సీళ్లు మార్చే ఖర్చు పెట్టకముందు ఈ రెండూ సరిచూడండి.

బ్లో ఆఫ్ వాల్వ్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిన బూస్ట్‌ను బయటికి వదిలేది), గాలిని కొలిచే సెన్సర్ ఎక్కడ ఉండాలి?

రెండూ ముందే, త్రాటిల్ బాడీకి దగ్గరగా. వరసలో మొదట బ్లో ఆఫ్ వాల్వ్, తరువాత సెన్సర్, ఆ తరువాత త్రాటిల్. ఈ వరస తారుమారైతే కొలిచిన గాలి బయటికి పోతుంది, ఇంజిన్‌కు చేరని ఆ గాలికి కూడా కంప్యూటర్ ఇంధనం పోస్తుంది, యాక్సిలరేటర్ వదిలిన ప్రతిసారీ కారు తడబడుతుంది.

గొట్టాల కీళ్లు ఊడిపోతున్నాయి, ఏం చేయాలి?

గొట్టం అంచుకు చుట్టూ ఉబ్బెత్తు గీత ఉందో లేదో చూడండి. నున్నని అంచు మీద సిలికాన్ కప్లర్ నిలవదు. లోపల నూనె జిడ్డు ఉంటే బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, టి-బోల్టు క్లాంపులతో బిగించండి. టర్బైన్‌కు ముందున్న ఎగ్జాస్ట్ కీళ్లలో చిన్న లీకు ఉన్నా బూస్ట్ ఆలస్యమవుతుంది కాబట్టి పొగ పరీక్ష చేయించడం మంచిది.

## ట్యూనింగ్ దశలో

పాత ఇంజెక్టర్లతో నడవదా?

నడవదు. లెక్క చూడండి. టర్బో ఇంజిన్‌కు ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.6 పౌండ్ల ఇంధనం కావాలి. 450 హార్స్‌పవర్‌కు 270 పౌండ్లు. ఎనిమిది ఇంజెక్టర్లకు పంచి, ఒక్కొక్కటి 80 శాతం సమయమే తెరుచుకుని ఉండాలనుకుంటే 42 పౌండ్ల ఇంజెక్టర్ తేలుతుంది. కారుతో వచ్చినవి 28 పౌండ్ల దరిదాపుల్లో ఉంటాయి. పైగా ఇంధన పీడనం బూస్ట్‌తో పాటు పెరగని వ్యవస్థలో, 58 పీఎస్ఐ పీడనానికి ఎదురుగా 6 పీఎస్ఐ బూస్ట్ నిలబడి ఇంజెక్టర్ ప్రవాహాన్ని ఇంకో ఐదు శాతం కోస్తుంది.

కిట్‌తో ఇచ్చిన ట్యూన్ ఫైలు ఎక్కించుకుంటే సరిపోదా?

ఇంటి నుంచి డైనో దాకా నెమ్మదిగా నడిపించుకుని వెళ్లడానికి సరిపోతుంది. ఆ తరువాత మీ కారుకే ట్యూన్ చేయించాలి. కారుతో వచ్చిన మానిఫోల్డ్ పీడన సెన్సర్ బయటి గాలి పీడనం వరకే చదవగలదు. బూస్ట్ చూడాలంటే 2 బార్ సెన్సర్ వేసి, ట్యూనర్ ఆ సంగతి కంప్యూటర్‌కు నేర్పాలి. ఎల్ఎస్1 కంప్యూటర్‌కు హెచ్‌పీ ట్యూనర్స్, ఈఎఫ్ఐ లైవ్ రెండూ పని చేస్తాయి, వాటి మీద చేయి తిరిగిన వారు ప్రతి పెద్ద నగరంలోనూ ఉన్నారు. పూర్తి బూస్ట్ మీద గాలి-ఇంధన నిష్పత్తి 11.5 నుంచి 12 మధ్య ఉండాలని అడగండి. ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి వేసి, గ్యాప్ 0.035 అంగుళాలకు తగ్గించండి.

టెక్సాస్‌లో ట్యూన్ చేయించాను. కాలిఫోర్నియాకు మారితే పరవాలేదా?

ముందు ట్యూనర్‌తో మాట్లాడండి. టెక్సాస్‌లో ప్రీమియం పెట్రోలు సాధారణంగా 93 ఆక్టేన్ (నాక్‌ను తట్టుకునే స్థాయి), కాలిఫోర్నియాలో 91. 93 కోసం పెట్టిన టైమింగ్ 91 మీద నాక్ తెప్పించవచ్చు. ఉద్యోగం మారి సామాను సర్దుకునే హడావుడిలో ఈ విషయం ఎవరికీ గుర్తుండదు. 91 కోసం రెండో ట్యూన్ ముందే రాయించుకుని ల్యాప్‌టాప్‌లో ఉంచుకోండి.

## రోజువారీ వాడకంలో

వానలో నడపవచ్చా? ఫిల్టర్ కిందే ఉంది కదా.

వాన సమస్య కాదు, నిలిచిన నీరు సమస్య. ఫిల్టర్‌కు నీళ్లు చిమ్మినా పైనున్న తొడుగు చాలావరకు ఆపుతుంది. ఫిల్టర్ మునిగేంత నీటిలోకి దిగితే మాత్రం టర్బో నీటినే పీల్చి ఇంజిన్‌కు పంపుతుంది. నీరు కుదించుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. హ్యూస్టన్‌లో ఉండేవారు వర్షాకాలం రోడ్లు చూసుకుని కారు తీయాలి. ఎత్తు విషయంలోనూ జాగ్రత్త. స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగా దాటించండి.

సైలెన్సర్ లేదు కదా, శబ్దానికి పక్కింటివాళ్లు గొడవ పెట్టరా?

టర్బైన్ చాలా శబ్దాన్ని మింగేస్తుంది, కాబట్టి అనుకున్నంత మోత ఉండదు. వెనుక సీటే లేని కారులో మీ వీపు వెనుకే వినిపించే టర్బో ఈల మాత్రం నచ్చితే సంగీతం, నచ్చకపోతే నరకం.

నూనె ఎన్నాళ్లకు మార్చాలి?

సింథటిక్ నూనె వాడుతూ 3,000 మైళ్లకు ఒకసారి మార్చండి. మార్చిన ప్రతిసారీ పంపు ముందున్న జల్లెడ విప్పి చూడండి. అందులో ఇసుకలాంటి మెరుపు కనిపిస్తే టర్బో బేరింగ్ అరుగుతోందని అర్థం.

## చట్టం, అమ్మకం

ఇది చట్టబద్ధమేనా?

అమెరికాలో కాలుష్య నియంత్రణ పరికరాలను తొలగించడం, పని చేయకుండా చేయడం కేంద్ర చట్టం ప్రకారం నిషిద్ధం. క్యాటలిటిక్ కన్వర్టర్లు యథాస్థానంలో ఉంటాయన్నది ఈ కిట్లకు కలిసొచ్చే అంశమే గాని, అది అన్నిటికీ అనుమతి కాదు. కాలిఫోర్నియాలో రెండేళ్లకోసారి జరిగే స్మాగ్ తనిఖీలో బానెట్ ఎత్తి, కారు కింద చూస్తారు. మీ కిట్‌కు, మీ మోడల్ సంవత్సరానికి ఆ రాష్ట్ర వాయు వనరుల బోర్డు ఇచ్చిన మినహాయింపు ఉత్తర్వు నంబరు లేకపోతే మీ కారు ఆ తనిఖీలో నెగ్గదు. టెక్సాస్‌లో 24 ఏళ్లు దాటిన కార్లకు ఉద్గారాల పరీక్ష లేదు, కానీ కేంద్ర చట్టం వాటికీ వర్తిస్తుంది. బీమా కంపెనీకి మార్పుల గురించి రాతపూర్వకంగా చెప్పండి.

ఇండియాలో మా తమ్ముడి కారుకు ఇలాంటిది పెట్టించవచ్చా?

రోడ్డు మీద తిప్పే కారుకు వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు; సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు.

కారు అమ్మేటప్పుడు ఇబ్బంది అవుతుందా?

టర్బో ఉన్న సి5ను కొనేవారు తక్కువ, బేరం ఆడేవారు ఎక్కువ. అందుకే తీసిన సైలెన్సర్లు, పాత ఇంజెక్టర్లు, పీడన సెన్సర్, గాలి గొట్టాలు ఏవీ పారేయకండి. మార్పులకు ముందు కంప్యూటర్‌లో ఉన్న ట్యూన్ ఫైలును కాపీ చేసి రెండు చోట్ల దాచండి. అవన్నీ ఉంటే కారును పాత స్థితికి తెచ్చి ఒకరికీ, కిట్‌ను మరొకరికీ విడివిడిగా అమ్ముకోవచ్చు. వాల్వ్ కవర్‌లోనో సంప్‌లోనో నూనె తిరిగి రావడానికి వేసిన రంధ్రాన్ని మూసే బిరడా కూడా ఆ పెట్టెలోనే పెట్టుకోండి.